వైజాగ్–భీమిలి బీచ్ రోడ్డు: పన్నెండు ఎలక్ట్రిక్ సైకిళ్ళు ఒకే గుంపుగా – బ్యాటరీ, గాలి, తొట్లకొండ లెక్కలు

గోస్తనీ_తీరం:
డిసెంబరులో ఒక ఆదివారం పన్నెండు మందిమి ఎలక్ట్రిక్ సైకిళ్ళ మీద ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి వెళ్ళి రావాలని అనుకుంటున్నాం. తిరుగుదారిలో తొట్లకొండ కూడా ఎక్కాలని కొందరి సరదా. బళ్ళు ఇవి: 36 వోల్టు 10.2 ఆంపియర్-అవర్ బ్యాటరీవి ఐదు, 7.65వి నాలుగు, 5.8వి రెండు, 48 వోల్టు 10 ఆంపియర్-అవర్ లావు టైర్లది ఒకటి. అన్నీ వెనక హబ్ మోటార్లే (చక్రం నడిమధ్య ఉండేవి), 250 వాట్లు. సగానికి పైగా బళ్ళకి థ్రాటిల్ (తొక్కకుండానే మోటారుతో నడిపే పిడి) ఉంది. చార్జింగ్ సరిపోతుందా? గుంపు చెదరకుండా ఎలా నడపాలి? దారిలో ఏమేం పాడవుతాయి? తెలిసినవాళ్ళు అంకెలతో చెప్పండి. "ఎంజాయ్ చేయండి బ్రో" రకం జవాబులు వద్దు.

పెడల్_పంతులు:
ముందు ఆంపియర్-అవర్లు పక్కన పెట్టి వాట్-అవర్లలో చూడండి. వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణిస్తే చాలు.

36 × 10.2 = 367
36 × 7.65 = 275
36 × 5.8 = 209
48 × 10 = 480

ఇందులో పది శాతం వాడకానికి రాదనుకోండి. 36 వోల్టు బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 42 వోల్టులు చూపిస్తుంది. 30–31కి దిగగానే కంట్రోలర్ (మోటారుకి కరెంటు పంపే పెట్టె) మోటారు ఆపేస్తుంది. పాతబడ్డ బ్యాటరీ అయితే ఎత్తు ఎక్కేటప్పుడు వోల్టేజి ఒక్కసారిగా కుంగి, ఇంకా రెండు గీతలు ఉండగానే ఆగిపోతుంది.

ఇక ఖర్చు. చదును రోడ్డు మీద గంటకు 18–20 కి.మీ. వేగంతో, కాళ్ళు నిజంగా తొక్కుతూ, అసిస్ట్ (తొక్కేటప్పుడు మోటారు ఇచ్చే సాయం) ఒకటో రెండో స్థాయిలో పెడితే కిలోమీటరుకు 6–8 వాట్-అవర్లు. మూడో స్థాయిలో 25 దాకా లాగితే 10–12. కాళ్ళు ఊపకుండా థ్రాటిల్ మీదే పోతే 15–20.

ఆర్.కె. బీచ్ నుంచి భీమిలికి అటూ ఇటూ కలిపి 55 కి.మీ. దాటుతుంది. కిలోమీటరుకు 7 చొప్పున 385. అంటే మీ పన్నెండు బళ్ళలో పదకొండు ఇంటికి చేరవు, తొట్లకొండ సంగతి తర్వాత. కంపెనీవాళ్ళు డబ్బా మీద రాసే మైలేజీ బక్కపలచని మనిషి గాలి లేని చదును రోడ్డు మీద మొదటి స్థాయిలో తొక్కితే వచ్చేది. దాన్ని నమ్మి దారి గీయకండి.

గుంపులో అన్నిటికన్నా చిన్న బ్యాటరీని పట్టుకుని దారి గీయాలి. ఋషికొండ దగ్గర మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి భీమిలికి 16–17 కి.మీ., రానూ పోనూ 34. అప్పుడు 7.65 వాళ్ళకి 34 × 7 = 238, సరిపోతుంది. 5.8 వాళ్ళు మాత్రం చదునులో అసిస్ట్ ఆపేసి కాళ్ళకి పని చెప్పాలి.

సాగర్‌నగర్_సైకిలు:
ఆర్.కె. బీచ్ నుంచి మొదలుపెట్టకపోతే సరదా ఏముంది పంతులుగారూ! లాసన్స్ బే, తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం మలుపు... ఉదయం వెలుతురులో ఆ ముక్కే చూడాలి.

పెడల్_పంతులు:
నిజమే, చూడదగ్గ ముక్కే. పెద్ద బ్యాటరీ ఉన్న ఆరుగురు అక్కణ్ణుంచి రండి, వచ్చేటప్పుడు మాత్రం ఋషికొండలోనే ఆపేయాలి. మిగతావాళ్ళు ఋషికొండలో కలుస్తారు. లేదంటే చిన్న బ్యాటరీ బళ్ళని ట్రాలీ ఆటోలో ఋషికొండ దాకా దింపుకోవచ్చు. ఆటోలో బళ్ళు ఒకదానికొకటి తగిలి బ్రేకు డిస్కు పలక వంగకుండా మధ్యలో పాత దుప్పటి వేయండి. బ్యాటరీ ఊడదీసి ఒళ్ళో పెట్టుకోవాలి.

గాలివాటం:
బ్యాటరీ లెక్కలో గాలి ఎవరూ కలపలేదు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. భీమిలికి పోవడమంటే ఈశాన్యానికి పోవడమే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి. వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోసినట్టు ఉంటుంది, అసిస్ట్ అక్కర్లేకుండానే 22 వస్తుంది. భీమిలిలో పెసరట్టు తిని వెనక్కి తిరిగాక అసలు బిల్లు చేతికొస్తుంది. మీరు వెళ్ళే డిసెంబరులో దానికి తలకిందులు: వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. గుంపు ప్రయాణానికి ఇదే మేలు. అలిసిపోయాక, బ్యాటరీ తగ్గాక సాయం దొరుకుతుంది.

18 వేగంతో పోతూ 15 కి.మీ. ఎదురుగాలి తగిలితే ఒంటికి తగిలేది 33 కి.మీ. గాలి. గాలి అడ్డగింత వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి తోపు మూడు రెట్లు దాటుతుంది. అప్పుడు అసిస్ట్ పెంచకండి, వేగం తగ్గించండి. 18 నుంచి 14కి దిగితే మిగిలే చార్జింగు మీరు ఊహించినదానికన్నా ఎక్కువే ఉంటుంది.

ఇంకొకటి, వేళ. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా పోతుంది. పొద్దెక్కి నేల కాగాక సముద్రం గాలి మొదలవుతుంది. పదిన్నరకల్లా ఋషికొండలో తిరిగి ఉండేలా చూసుకుంటే దాని బారి తప్పుతుంది, ఆదివారం టూరిస్టు బస్సుల బారీ తప్పుతుంది.

గోస్తనీ_తీరం:
ఋషికొండ ఖాయం చేశాం. భీమిలిలో టిఫిను దగ్గర చార్జింగ్ పెట్టుకోవచ్చా?

పెడల్_పంతులు:
పెట్టొచ్చు, అయితే ఒరిగేది కొంచెమే. 42 వోల్టు 2 ఆంపియర్ చార్జర్ అంటే 84 వాట్లు. ముప్పావుగంటకి 55–60 వాట్-అవర్లు, అంటే ఏడెనిమిది కి.మీ. ప్లగ్గు ఒకటే దొరికితే 5.8 వాళ్ళకి వదిలేయండి, అక్కడ మొహమాటం పనికిరాదు. దిగగానే పెట్టకుండా బ్యాటరీ ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. హోటలువాళ్ళని ముందే అడిగి పెట్టుకోండి. వాళ్ళ ఇన్వర్టర్ మీద పెట్టకండి.

చైన్_సొల్యూషన్:
దారిలో ఎక్కువగా వచ్చేది పంక్చరే. వెనక హబ్ మోటారు బండికి చక్రం ఊడదీయడమే పెద్ద తతంగం. అందుకే ఊడదీయకుండా ప్యాచ్ వేయడం నేర్చుకోండి:

బండిని పక్కకి పడుకోబెట్టండి, చైను, గేర్లు ఉన్న వైపు పైకి ఉండాలి. తలకిందులుగా నిలబెడితే డిస్‌ప్లే, థ్రాటిల్ నేలకి గీసుకుంటాయి. గాలి పూర్తిగా తీసి, టైరు అంచుని చుట్టూ రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కండి. వాల్వుకి ఎదురు వైపు నుంచి రెండు లివర్లతో ఒక అంచు మాత్రమే పైకి తీయండి. ట్యూబుని బయటికి లాగి కొంచెం గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకుని తిప్పండి. సముద్రం హోరులో బుస్సుమనే చప్పుడు వినిపించదు గానీ చెంపకి తెలుస్తుంది. చిల్లు దొరికాక గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ పల్చగా రాసి, మెరుపు పోయేదాకా మూడు నాలుగు నిమిషాలు ఆగండి. తొందరపడి తడి మీదే ప్యాచ్ అంటిస్తే అర కిలోమీటరులో లేచిపోతుంది. టైరు లోపల వేలు పెట్టి కాకుండా గుడ్డ పెట్టి తిప్పండి. గాజుపెంకో, చేపల బుట్టల తీగముక్కో అక్కడే ఉంటుంది.

చక్రం ఊడదీయక తప్పకపోతే 18 నంబరు పానా కావాలి, ఎక్కువ హబ్ మోటార్ల ఇరుసు నట్టు ఆ సైజే. ముందు బండి స్విచ్ ఆపేయండి. చైను పక్కన ఉండే మోటారు కనెక్టర్ మీద రెండు బాణం గుర్తులుంటాయి. దాన్ని తిప్పకుండా నేరుగా లాగాలి. మెలిపెడితే లోపలి సన్నటి పిన్నులు వంగుతాయి, ఆ పూటకి మోటారు లేనట్టే. ఇరుసుకి రెండు పక్కలా ఉన్న వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి. పన్నున్న వాషరు ఇరుసు గిర్రున తిరక్కుండా ఆపేది. దాన్ని తిరగేసి బిగిస్తే ఇరుసు తిరిగి వైరు తెంపేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు గట్టిగా, 35–40 న్యూటన్-మీటర్లు. వైరు బయటికొచ్చే చోట నేల వైపు వంపు ఉండాలి, అప్పుడు వాన నీళ్ళు వైరు వెంట మోటారులోకి జారవు.

టైరు గాలి: 2.1 అంగుళాల టైరుకి 40 పి.ఎస్.ఐ., బరువైన మనిషికి వెనక 45. లావు టైరుకి రోడ్డు మీద 18–20. చాలా బళ్ళకి మోటారుసైకిలు వాల్వే కాబట్టి బంకులో కొట్టించుకోవచ్చు. గాలి గబుక్కున ఎక్కుతుంది, కొంచెం కొంచెంగా కొట్టమని చెప్పండి.

రెండు_బ్రేకులు:
గుంపు నడకకి వద్దాం. పన్నెండు ఒకే వరసైతే వెనక కారువాడు దాటలేక హారను మోగిస్తూనే ఉంటాడు. ఆరేసి మంది రెండు జట్లు, మధ్యలో కనీసం 100 మీటర్లు. ప్రతి జట్టుకీ ముందొకరు, చివర ఒకరు. ముందు నడిచేది చిన్న బ్యాటరీ ఉన్న మనిషి. అతని వేగమే అందరి వేగం. చివర ఉండేది పానాలు తెలిసిన మనిషి, పెద్ద బ్యాటరీతో.

మామూలు సైకిలు గుంపుల్లా చక్రానికి చక్రం ఆనించి పోకండి. ఈ బండి 22–25 కిలోలు. పైగా చవక రకం సెన్సర్ పెడల్ తిరుగుతోందా లేదా అనేదే చూస్తుంది, ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు. తొక్కడం మొదలెట్టాక ఒక క్షణం ఆలస్యంగా అందుకుంటుంది, ఆపాక కూడా ఒక క్షణం లాగుతుంది. ముందువాడు ఆగితే మీరు ఆ క్షణంలోనే గుద్దుతారు. రెండు బళ్ళ పొడవు ఖాళీ, దిగుడులో నాలుగు. వేళ్ళు ఎప్పుడూ బ్రేకు లివరు మీదే ఉండాలి. లివరు కాస్త కదిలినా అందులోని స్విచ్ మోటారుని కట్ చేస్తుంది.

చేతి సైగలు మూడు చాలు: ఆగుతున్నాం, గుంత, ఎడమకి ఒక వరసలోకి రండి. నాలుగోది ఎవరికీ గుర్తుండదు.

ఆ రోడ్డు మీద ప్రత్యేకంగా చూడాల్సింది మలుపుల్లో ఎగిరొచ్చి పడ్డ ఇసక. పల్చగా ఉండి తారులో కలిసిపోతుంది. దాని మీద ముందు బ్రేకు పట్టుకోకండి, వంగి తిరగకండి, నిటారుగా దాటి ఆ తర్వాత తిరగండి. మత్స్యకార గ్రామాల దగ్గర గంట కొడుతూ వెళ్ళండి. ఈ బళ్ళకి చప్పుడుండదు కాబట్టి కుక్కలు ఉలిక్కిపడి వెంటపడతాయి.

మండే_మోటారు:
థ్రాటిల్ బళ్ళని అసలు గుంపులోకి రానివ్వకూడదని నా మాట. తొక్కేవాళ్ళు 17తో పోతుంటే వీళ్ళు 25తో దూసుకెళ్ళి, ముందు ఆగి సెల్ఫీలు దిగుతారు.

రెండు_బ్రేకులు:
థ్రాటిల్ మీద కోపమెందుకు, వాడేవాడి మీద గానీ. ఎత్తులో ఆగిపోయిన బండిని మళ్ళీ కదపడానికి, జంక్షను దాటడానికి థ్రాటిల్ రెండు మూడు సెకన్లు వాడితే మంచిదే. తడబడి పడిపోవడం తగ్గుతుంది. నిలబడి ఉన్నప్పుడు మాత్రం బండి స్విచ్ ఆపేయండి, లేదా చెయ్యి బ్రేకు మీద ఉంచండి. బండిని నడిపిస్తూ పక్కన నడుస్తుంటే థ్రాటిల్‌కి చొక్కా తగిలి బండి ఒక్క దూకు దూకుతుంది.

మండే_మోటారు:
సరే, రెండు మూడు సెకన్లకి ఒప్పుకున్నా. సెల్ఫీలకి మాత్రం ఒప్పుకోను.

కొండదారి:
తొట్లకొండ గురించి. కొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. మనిషి, బండి, సామాను కలిపి 110 కిలోలనుకుంటే అంత బరువు పైకి చేర్చడానికే 38 వాట్-అవర్లు కావాలి. మోటారులో వేడిగా పోయేది కలుపుకుని, మీ కాళ్ళ వాటా తీసేస్తే బ్యాటరీ నుంచి 40–45 పోతాయి. తిరుగుదారిలో 7.65 వాళ్ళ దగ్గర అంత మిగలదు. 10.2 వాళ్ళకి వీలవుతుంది, 48 వోల్టు ఆయనకి హాయిగా వీలవుతుంది.

అంతకన్నా పెద్ద బాధ వేడి. 6 శాతం ఎత్తున్న చోట 10 కి.మీ. వేగానికే 180 వాట్లు కావాలి. హబ్ మోటారు బలం సైకిలు గేర్ల గుండా పోదు, చక్రం మెల్లగా తిరిగిందంటే అది మెల్లగా తిరిగినట్టే. ఆ వేగంలో తీసుకున్న కరెంటులో పెద్ద భాగం తీగచుట్టల్లో వేడవుతుంది. లోపలి నైలాన్ పళ్ళు మెత్తబడి ఊడతాయి. మోటారు గుయ్యిమంటూ తిరుగుతుంది, చక్రం కదలదు. అదొచ్చిందంటే ఇక రోడ్డు మీద బాగుపడదు, తొక్కుకుంటూ దిగడమే.

కాబట్టి ఎత్తు మొదలవకముందే వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి గేరు మార్చండి. ఎక్కుతూ మారిస్తే మీ కాళ్ళ ఒత్తిడికి చైను తెగొచ్చు. వేగం 8 కన్నా పడిపోతే దిగి నడిపించండి. మధ్యలో ఒకసారి ఆగి హబ్ మీద చెయ్యి పెట్టండి, మూడు సెకన్లు ఆనించలేకపోతే పావుగంట విశ్రాంతి.

దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టుకుని ఉండకండి. రెండూ కలిపి గట్టిగా పట్టి, వేగం 15కి రాగానే వదలండి, మళ్ళీ పట్టండి. అదేపనిగా రాపిడి తగిలితే ప్యాడ్లు గాజులా నునుపుదేరి ఆ తర్వాత పట్టవు. ముందురోజే చూడండి: ప్యాడ్ మీద పదార్థం 1 మి.మీ. కన్నా తక్కువుంటే మార్చండి. లివరు హ్యాండిల్‌కి తగిలేలా ఉంటే వైరు దగ్గరి చిన్న మరని అపసవ్యంగా తిప్పి బిగుతు చేయండి.

పైన చూడాల్సింది రాతిలో తొలిచిన నీటి తొట్లు, ఆ పేరొచ్చింది వాటివల్లే. 1976లో నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేస్తుండగా ఈ చోటు బయటపడింది, 1988–93 మధ్య తవ్వారు. బళ్ళు కింద పెట్టి నడవండి. బౌద్ధ విహారం పునాది ఇటుకల మీద సైకిలు ఎక్కించి ఫొటో దిగే పని మాత్రం పెట్టుకోకండి.

లావు_టైరు:
ఆ 48 వోల్టు బండి నాదే. ఎర్రమట్టి దిబ్బల్లో ఒక రౌండు వేయాలని ఉంది. లావు టైరు ఇసకలో దిగబడదు కదా?

కొండదారి:
టైరు దిగబడదు, నిజమే. దిబ్బ మాత్రం విరుగుతుంది. ఆ ఎర్ర ఇసక గట్టిగా కనిపిస్తుంది గానీ పైపొర చితికితే తర్వాతి వానకి అక్కడే కొత్త గండి పడుతుంది. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. బండి రోడ్డు పక్కన తాళం వేసి, వాడుకలో ఉన్న కాలిబాటన మాత్రమే నడవండి. పక్కనే ఐ.ఎన్.ఎస్. కళింగ. నౌకాదళం గోడ వైపు కెమెరా తిప్పకండి, డ్రోన్ అసలు బయటికి తీయకండి.

లావు_టైరు:
అర్థమైంది. కింద బీచ్ ఇసక మీద?

చైన్_సొల్యూషన్:
అక్కడా రోడ్డు మీద ఖర్చయ్యేదానికి రెండు మూడింతలు కరెంటు. ఉప్పునీళ్ళు హబ్ ఇరుసు వరకు వస్తే బేరింగులు తుప్పు. తర్వాత మీ ఇష్టం.

హైటెక్_పెడల్:
హైదరాబాద్ నుంచి ముగ్గురం రావచ్చా? గుంపులో తొక్కడం కొత్త. నా బండిలో 25 పరిమితి తీసేసే సెట్టింగు ఉంది, దాన్ని తెరిచేశాను.

రెండు_బ్రేకులు:
ముందు ఆ సెట్టింగు వెనక్కి పెట్టండి. మన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 250 వాట్లు, గంటకు 25 కి.మీ., బ్యాటరీ కాకుండా 60 కిలోలలోపు ఉంటేనే అది మోటారు వాహనం కాదు. అందుకే రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. 25 దాటించిన క్షణం ఆ మినహాయింపు పోతుంది. ఎవరినైనా గుద్దితే అప్పుడు మీది ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం.

గుంపు అలవాటుకి మీ ఊళ్ళోనే మంచి చోటుంది: ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కింద 23 కి.మీ. సైకిలు దారి. ఎండా కార్లూ లేకుండా ఖాళీ పాటించడం, సైగలు, ఒకేసారి ఆగడం అక్కడ సాధన చేసుకోండి. ఎదురుగాలీ ఇసకా మాత్రం ఇక్కడికొచ్చాకే.

విమానంలో బ్యాటరీ రాదు. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీకి అనుమతి లేదు, ఇలాంటి బళ్ళ బ్యాటరీలు దాన్ని దాటేవే. కారు వెనక రాక్ మీద తెచ్చుకోండి. రాక్ ఒక్కో బండికి 25 కిలోలు మోయగలదో లేదో చూసుకోండి, మామూలు సైకిళ్ళ రాకులు చాలావరకు 15కే.

మోకాలు_నొప్పి:
మా జట్టులో అరవై దాటిన ఇద్దరున్నారు. అసిస్ట్ ఎక్కువ పెట్టుకుంటే మోకాళ్ళకి మంచిదేనా?

పెడల్_పంతులు:
అసిస్ట్ కన్నా సీటు ఎత్తు ముఖ్యం. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాపుకోవాలి. ఇక్కడ అందరూ సీటు కిందికి దించేస్తారు, మోకాలి నొప్పికి సగం కారణం అదే. బరువైన గేరులో మెల్లగా తొక్కడం కాకుండా తేలిక గేరులో నిమిషానికి 65–70 చుట్లు. అప్పుడు అసిస్ట్ రెండు చాలు.

గోస్తనీ_తీరం:
దారి మధ్యలో మోటారు ఆగిపోతే ఎక్కడ మొదలుపెట్టి చూడాలి?

చైన్_సొల్యూషన్:
డిస్‌ప్లే వెలుగుతోందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

వెలగకపోతే బ్యాటరీ తాళం పూర్తిగా పడలేదేమో చూడండి. గతుకుల్లో కదిలి, కింది రాగి పలకలు తగలకుండా పోతాయి. తీసి, పొడి గుడ్డతో తుడిచి, చప్పుడయ్యేలా నొక్కండి. తర్వాత ఫ్యూజు.

వెలిగి మోటారు తిరక్కపోతే చాలాసార్లు కారణం బ్రేకు స్విచ్చే. ఉప్పూ ఇసకా చేరి లివరు పూర్తిగా వెనక్కి రాదు, కంట్రోలర్ మాత్రం మీరు బ్రేకు పట్టుకునే ఉన్నారనుకుంటుంది. వేలితో బయటికి తోయండి. అయినా కాకపోతే ఆ స్విచ్ కనెక్టర్ ఊడదీసి ప్రయత్నించండి. తిరిగితే దోషం దొరికింది. అలా ఇంటికి రావచ్చు గానీ అప్పుడు బ్రేకుకి మోటారు కట్ అవదని గుర్తుంచుకోండి. మూడోది పెడల్ దగ్గరి అయస్కాంతాల బిళ్ళ. దానికీ సెన్సర్‌కీ మధ్య ఖాళీ 2–3 మి.మీ. ఉండాలి, ఏ పురికొస ముక్కో చుట్టుకుని పక్కకి జరుగుతుంది. థ్రాటిల్‌కి తిరిగి పెడల్‌కి తిరక్కపోతే తప్పు ఇక్కడే.

గరగరమని వణుకుతూ కదలకపోతే మోటారు కనెక్టర్ సగం ఊడింది. గీత దాకా లోపలికి నొక్కండి.

ఏదీ కాకపోతే అసిస్ట్ లేకుండా తొక్కండి. గేర్ల హబ్ మోటారులో క్లచ్ ఉంటుంది కాబట్టి అది పట్టి లాగదు, 12–13 వేగం వస్తుంది. పక్కబండికి తాడు కట్టి లాగించుకోవడం మాత్రం వద్దు. బ్యాటరీల మార్పిడి ఒకే మోడల్ బళ్ళ మధ్యనే.

గాలివాటం:
ఇంటికొచ్చాక కడగడం గురించి ఎవరైనా రాయండి, లేదంటే అందరూ కారు వాషింగ్ పైపు కింద పెడతారు.

చైన్_సొల్యూషన్:
ఆ పైపు వద్దు. ఒత్తిడి నీళ్ళు హబ్ సీలు దాటి లోపలికి పోతాయి. బ్యాటరీ తీసేసి, దాని పలకల మీద పొడి గుడ్డ కట్టి, బకెట్టు మంచినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో ఫ్రేము, హ్యాండిలు, నట్లు తుడవండి. ఉప్పు కంటికి కనిపించకపోయినా అదే రాత్రి పని మొదలెడుతుంది, మర్నాటికి వాయిదా వేయకండి. చైనుని పొడి బ్రష్షుతో ఇసక రాల్చి, తుడిచి, లింకుకో చుక్క నూనె వేసి పది నిమిషాల తర్వాత పైన మిగిలింది తుడిచేయండి. తడి మిగిలితే మళ్ళీ ఇసక అంటుకుంటుంది. నూనె చెయ్యి డిస్కు మీద పడనివ్వకండి. కనెక్టర్లు ఊడదీసి చిటికెడు సిలికాన్ గ్రీజు రాయడం నెలకోసారి చాలు. ఆ నెలలో మళ్ళీ బండి తీయకపోతే బ్యాటరీ నింపి పెట్టకుండా 60 శాతం దగ్గర వదలండి.

గోస్తనీ_తీరం:
పానా 18, లివర్లు రెండు, 27.5 అంగుళాల ట్యూబులు రెండు, లావు టైరు ట్యూబు ఒకటి, ప్యాచ్‌లు, సొల్యూషన్, చేతిపంపు. ఇంకేమైనా?

చైన్_సొల్యూషన్:
కనెక్టర్ దగ్గర వైర్లు కట్టే ప్లాస్టిక్ టై ముక్కలు పది. వాటిని కోయకుండా చక్రం ఊడదు, కోశాక మళ్ళీ కట్టడానికి ఎవరి దగ్గరా ఉండవు. కోయడానికి చిన్న కత్తెర కూడా.